తాత పండ్ల సెట్టు మీద పాచి

తాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పండ్ల సెట్టు ఇప్పుడు మా కాలేజీ ల్యాబులో ఉంది.

బాక్టీరియా, ఫంగస్ కలిసి కట్టుడు పళ్ల మీద ఎలా పొర కడతాయో చూడటం నా ప్రాజెక్టు. విడిగా ఉంటే మందుకు చచ్చేవి, ఆ పొరలో ఒకదాన్నొకటి కాపాడుకుంటాయట. నీ నోటిపుండు ఎన్ని మందులు వాడినా మానకపోవడం అందుకే కావచ్చు. పుస్తకంలో దాని పేరు ‘జీవపొర’. ఎంత అందమైన మాటో అనుకుంటూ వెళ్లి అవ్వను సెట్టు అడిగాను.

“దాంతోటి ఏం చేస్తవే?”

“జీవపొర పెంచుత అవ్వా.”

“గదేంది?”

“పాచి.”

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. “బొగ్గు బాయి నుంచి రాంగనె మీ తాత ఒంటి బొగ్గంత రుద్ది కడుక్కుంటుండె గని, పండ్లు కడుగుమంటె ఇనకపోతుండె. గా పాచిని గిప్పుడు నువ్వు సాదుతవా?”

రెండు రోజులు ఇవ్వలేదు. మూడో రోజు కిటికీలోని స్టీలు గ్లాసు నీళ్లలోంచి సెట్టు తీసి, రుమాలులో చుట్టి ఇచ్చింది. “జల్ది తే. మంచిగ కడిగి తే.”

రికార్డులో ‘జీవపొర’ కొట్టేసి ‘పాచి’ అని రాశాను. సార్ నవ్వి సంతకం పెట్టారు.

సెట్టు ఇంకా ల్యాబులోనే ఉంది. అవ్వ ఈ పొద్దున కూడా నీ గ్లాసులో నీళ్లు మార్చింది.