నీళ్లు తాగని పరుపు

బావమరిదికి,

ఎవరిచేతా రాయించకుండా నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, మాట వంకరగా ఉండదు.

ముందు పాత సంగతి. తొమ్మిదేళ్లయింది. మీ అక్క మంచాన పడి, వీపంతా పుండ్లై ఏడుస్తుంటే, లోకానికంతా పరుపులు కుట్టే నువ్వు తోడబుట్టినదానికి ఒక్క పరుపు పంపలేకపోయావు. పంపావులే, మట్టి చేసిన మర్నాడు! దాని కవరు కూడా విప్పలేదు. గోడకి నిలబెట్టాను. రోజూ దాన్ని చూసి నిన్ను తిట్టుకుంటాను. నాకదో పని.

ఇప్పుడు నీతో అవసరం పడింది. రేవు పడవ ఆపేశారు. మీ అక్క సమాధి ఏటి అవతల. అందుకని ఒక్క మనిషి పట్టే ప్లాస్టిక్ పడవ, కయాక్ అంటారు, పాతది తెచ్చుకున్నాను. నేను కూర్చుంటే దాని అడుగు కుంగుతోంది. ముక్కులో, తోకలో ఫోము కూరితే నీళ్లు నిండినా మునగదట. మధ్యలో నిలువుగా ఫోము దిమ్మే బిగిస్తే అడుగు వంగదట. ఫోము పంపు.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఈసారైనా మనిషి ఉండగా పంపు.

*

బావగారికి నమస్కారాలు.

ఇన్నేళ్లకు మీ చేతి రాత చూశాను. తిట్లైనా సంతోషమే. పడవలో కూర్చుంటే కుంగుతోందన్నారు. మీ వయసులో నడుముకి మెత్తదనం కావాలి మరి. షాపులో అన్నిటికన్నా మెత్తనిది, కొత్త దంపతుల దిండ్లకు వాడేది, రెండు మూటలు పంపుతున్నాను. హాయిగా కూర్చోండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: పైన కవరు కుట్టమంటే కుడతాను. పూలది ఉంది.

*

బావమరిదికి,

బతికే ఉన్నాను. నీకు విచారమేమో.

నీ ఫోము ముక్కులో కూరాను, తోకలో కూరాను. మధ్యలో నిలబెట్టిన దిమ్మ నేను కూర్చోగానే నాకు దణ్ణం పెట్టి పడుకుంది. నాలుగు తెడ్లు వేశానో లేదో అడుగు వంగింది, పడవ ఒరిగింది, నీళ్లొచ్చాయి. ఇక నీ ఫోము ఏటిని తాగడం మొదలెట్టింది. తాగి తాగి తాగుబోతులా కూలబడింది, నాతో సహా. నాకు ఈత రాదని తెలుసుగా? రేవులో బట్టలుతికే ఆవిడ జుట్టు పట్టుకుని ఈడ్చింది. ఉన్న నాలుగు వెంట్రుకల్లో రెండు ఆవిడ చేతిలో ఉండిపోయాయి.

అక్కని పుండ్లతో పంపావు. బావని స్పాంజితో పంపుదామనుకున్నావా?

ఇట్లు,
తడిసిన నీ బావ

తా.క.: పూల కవరు వద్దు.

*

బావగారికి,

ఈత రాని ముసలాయన ఒంటరిగా నీళ్ల మీదికి ఎందుకెళ్తాడో తెలియనంత చిన్నవాణ్ణి కాదు. మీకు తిరిగొచ్చే ఉద్దేశం లేదు. ఉన్న ఒక్క అక్కనీ మట్టి చేశాను. మిమ్మల్ని నా చేతులతో సాగనంపలేను. ఇక గుప్పెడు దూది కూడా పంపను.

పరుపు ఎందుకు ఆలస్యమైందో అప్పుడు మీరు అడగలేదు. అడగనివాళ్లకి ఇప్పుడూ చెప్పను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: కోపం తీరకపోతే ఆ పరుపుని కోసి పారేయండి. గోడకి బరువు.

*

బావమరిదికి,

చద్దామనుకున్నవాడు మునగకుండా ఉండటానికి ఫోము అడుగుతాడట్రా? నీ బుర్రలో ఉన్నదీ స్పాంజే.

నువ్వన్నట్టే కోశాను, కోపంతోనే. పైన అరచెయ్యి మందం మెత్తన. దాని కింద కత్తి దిగలేదు, రంపం పెట్టాను. అంతా గట్టి నల్ల ఫోము. ఒక ముక్క బకెట్లో ముంచి రాయి పెట్టాను. పూట గడిచాక చూస్తే చుక్క పీల్చలేదు. రాయి తియ్యగానే ఎగిరి పైకొచ్చింది.

ఇక్కడి పరుపులవాడికి చూపించాను. ఇది పడవలు కట్టేచోటే దొరుకుతుందట, చెప్పి తెప్పించుకోవాలట, నెలలు పడుతుందట. మంచంలోనే అన్నీ అయిపోయే మనిషికి తడి తాగని పరుపు కోసం తిరిగావన్నమాట. నోరు లేదా నీకు? ముందే చెప్పుంటే తొమ్మిదేళ్లు ఇంకెవణ్ణయినా తిట్టుకునేవాణ్ణి.

దాన్నే ముక్కులో, తోకలో కూరాను. మధ్య దిమ్మ స్తంభంలా నిలబడింది. అడుగు కుంగలేదు. మీ అక్క దగ్గరికి వెళ్లొచ్చాను. సమాధి మీద పిచ్చిమొక్కలు నడుమెత్తు లేచాయి. పీకేసి, కాసేపు కూర్చుని, పరుపు అందిందని చెప్పాను.

ఇట్లు,
నీ బావ

తా.క.: నీకూ ఈత రాదు. సగం పరుపు ఇంకా గోడకే ఉంది, ఇంకో పడవకి సరిపోతుంది. వస్తావో రావో వచ్చే ఆదివారం లోపు రాయి. ఈసారి ఆలస్యమైతే ఎందుకని అడిగాకే తిడతాను.