వియ్యంకుడు పంపిన తీగ

ప్రియమైన అన్నయ్యగారికి,

ఫోన్‌లో మీకు సగం మాటలు వినబడవు, మిగతా సగం మీకు నచ్చినట్టు వినబడతాయి. ముప్పై ఏళ్లు బస్సు ఇంజను పక్కన కూర్చున్న చెవులు, వాటినేమనగలం. అందుకే ఉత్తరం.

మీ అమ్మాయి కులాసాగా ఉంది. నా కోడలై వచ్చిన కొత్తలో పెరట్లోని నర్సరీలోకి అడుగుపెట్టాలంటే జంకేది. ఇప్పుడు మొక్కలు కొనడానికి వచ్చినవాళ్లతో నాకంటే గట్టిగా బేరమాడుతోంది. మావాడు నోరు మూసుకుని కుండీలు మోస్తున్నాడు.

పెళ్లయ్యాక మీరు అమ్మాయి చేతికిచ్చి పంపిన తీగ గోడ సగం ఎక్కింది. తెల్లటి పూలు తోకల్లా వేలాడుతున్నాయి. రోజూ పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా అరగంట దాని దగ్గరే ఉంటున్నాను. ఈ ఇంట్లో ఏ మొక్కకీ నేనింత సేవ చేయలేదు. మీ అమ్మాయి చూసి మురిసిపోతోంది, వచ్చినవాళ్లందరికీ "మా నాన్న ఇచ్చింది" అని చూపిస్తోంది. ఎవరైనా కొంటామంటే మాత్రం అమ్మనని చెప్పేస్తున్నాను.

బీపీ మందు వేళకు వేసుకోండి. వదినగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ క్షేమం కోరే చెల్లెలు

*

ప్రియమైన చెల్లెమ్మకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మా ఆవిడకు వినిపించాను. "మొక్కలమ్ముకునే ఆవిడకు మొక్క పంపడమేంటండీ, నవ్వుకుంటారు" అని అప్పట్లో నన్ను దులిపేసింది. ఇప్పుడు నా వైపు చూడకుండా పోపు డబ్బా సర్దుకుంటోంది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

రిటైరయ్యే రోజున డిపో వెనక గోడ మీది తీగ నుంచి ఒక చిన్న గడ్డ జేబులో వేసుకొచ్చి నాటాను. ఏడాదిలో మా పెరటి షెడ్డంతా కప్పేసింది. నీళ్లడగదు, ఎరువడగదు. అలాంటి ప్రయాణికులు దొరికితే ఇంకో పదేళ్లు బస్సు నడిపేవాణ్ణి. మా వీధిలో నాలుగిళ్లకు పంచాను కూడా.

మీ రెండో గోడ బోసిగా ఉందట కదా. వచ్చే నెల మా బావమరిది అటు వస్తున్నాడు. ఒక సంచీడు గడ్డలు పంపిస్తాను.

గర్వంతో కాస్త లావెక్కిన,
మీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యగారికి,

గడ్డలు పంపకండి. మీ బావమరిదిగారికి మోత ఎందుకు. రెండో గోడ బీటలు వారింది, తాపీమేస్త్రీ వచ్చి చూడాలి. ఉన్న తీగకే నా రెండు చేతులూ చాలడం లేదు. పైగా దాన్ని నేలలో నాటలేదు, గచ్చు మీద పాత ఇనప తొట్టిలో పెట్టాను. దానికి అక్కడే బాగుంది.

ఒక సంచీ కాదు కదా, ఒక్క గడ్డ కూడా వద్దు. ఏమీ అనుకోకండి.

తొందరలో రాస్తున్న,
మీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లెమ్మకు,

రెండు నెలలు ఉత్తరం రాయనందుకు క్షమించండి. ఒంట్లో బాగానే ఉంది, మొహమే చెల్లలేదు.

పార్కుల ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. కాలువ గట్టున చెట్లన్నీ ఒక తీగ కింద ఊపిరాడక ఎండిపోతున్నాయట. అది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఇల్లిల్లూ చూసుకుంటూ మా షెడ్డు దగ్గర ఆగింది. నేను వాదించాను. ఆవిడ చిన్న పారతో మట్టి తవ్వింది. కింద అల్లం ముక్కల్లా గడ్డలే గడ్డలు, తీగ మీద కూడా కణుపు కణుపుకీ గడ్డలు. ఒక్కటి పడినా మళ్లీ తీగే. "ఎవరెవరికి ఇచ్చారు?" అనడిగింది. నాలుగిళ్లన్నాను. ఐదో ఇల్లు చెప్పడానికి నోరు రాలేదు.

ఆవిడ మళ్లీ వస్తానన్నా ఆగకుండా, నా సొంత తెలివితో మర్నాడే కొడవలి పెట్టి తీగను లాగేశాను. గడ్డలు వడగళ్లలా రాలాయి. ఊడ్చి ఎరువు గుంటలో పోశాను. వారానికల్లా ఎరువు గుంట పచ్చగా నవ్వింది. తర్వాత ఆవిడే పద్ధతి నేర్పింది. ముందు కింద టార్పాలిన్ పరవాలి. తీగను లాగకుండా కొంచెం కొంచెంగా కత్తిరించి దించాలి. నేలలో గడ్డను ముక్క విరక్కుండా తవ్వాలి. అన్నీ దళసరి నల్ల సంచుల్లో మూతి కట్టి రెండు నెలలు ఎండలో పడేయాలి. కుళ్లి నీరయ్యాకే చెత్తబండికి ఇవ్వాలి. ఎరువులో వేయకూడదు, కాలువలో పారేయకూడదు.

నాలుగిళ్లకూ వెళ్లి చెప్పాను. టైలరు నవ్వి కత్తెర తెచ్చాడు. పెద్ద టీచరమ్మ మొహం మీదే తలుపేసింది, మర్నాడు మళ్లీ వెళ్తే తీసింది. నలుగురి పెరళ్లూ నేనే తవ్వాను. నడుం పట్టేసింది.

ఇక ఐదో ఇల్లు మీది. మీ నర్సరీ మట్టిలో ఒక్క గడ్డ పడినా, మీ దగ్గర మొక్క కొన్న ప్రతి ఇంటికీ నా నిర్వాకం చేరుతుంది. ఇన్నేళ్లుగా మీరు సంపాదించుకున్న పేరు నావల్ల పోతుంది. నన్నేమన్నా పడతాను. అమ్మాయిని మాత్రం ఒక్క మాట అనకండి, దానికేమీ తెలియదు. రమ్మంటే గడ్డపార తీసుకుని వస్తాను.

తలెత్తుకోలేక,
మీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యగారికి,

ముందు స్థిమితపడండి. నా మట్టిలో ఒక్క గడ్డ కూడా పడలేదు.

మీ అమ్మాయి బండి దిగి ఆ కుండీ నా చేతిలో పెట్టినప్పుడే అదేమిటో నాకు తెలుసు. తండ్రి ఇచ్చినదాన్ని గుమ్మంలోనే పారేయమంటే ఆ పిల్ల మొహం ఏమయ్యేది? అందుకే ఇనప తొట్టిలో పెట్టాను. రోజూ అరగంట దాని దగ్గర ఉన్నది ముచ్చటపడి కాదు, గడ్డలు ఏరడానికి. ఏరినవి ఏరినట్టు ఉడకబెట్టి చెత్తలో వేశాను. ఒకరోజు మావాడు కూరేమో అనుకుని గరిటె కూడా పెట్టాడు. నిన్న ఆ తీగను మీరు రాసిన పద్ధతిలోనే దించాం. సంచులు ఎండలో ఉన్నాయి.

నాకెలా తెలుసో కూడా చెప్పాలి. నర్సరీ పెట్టిన మొదటి ఏడాది నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది ఆ తీగే. ఇరవై ఆరు ఇళ్లకు అమ్మాను. సంగతి తెలిశాక తొమ్మిదిళ్లకు వెళ్లి చెప్పాను. తొమ్మిదో ఇంటాయన వీధంతా వినేలా అరిచాడు. ఇంటికొచ్చి పడుకున్నాను, మళ్లీ వెళ్లలేదు. పన్నెండేళ్లయింది. ఆ మిగతా ఇళ్లున్న వీధుల్లోకి పోకుండా చుట్టు తిరిగి బజారుకు వెళ్తున్నాను. మీ మొహం మీద వేసిన తలుపు దగ్గరకే మీరు మర్నాడు మళ్లీ వెళ్లారని చదివి నాకు సిగ్గేసింది. మీరు నా పేరు గురించి అంత బాధపడ్డారే, ఆ పేరు ఇలాంటిది.

నిన్న మీ ఉత్తరం మీ అమ్మాయికిచ్చి, నా సంగతీ చెప్పేశాను. వెంటనే చెప్పులేసుకుని, "అత్తయ్యా, పదో ఇల్లెక్కడ?" అంది.

చీకటి పడిందని ఆపి, ఇవాళ పొద్దున వెళ్లాం. అక్కడ ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటోంది. పెరడంతా తీగే, నిమ్మచెట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. నేను చెప్పడం మొదలుపెట్టేలోగా ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మంచి మొక్కే ఇచ్చావమ్మా, నాకే పెంచడం చేతకాక ఇలా పాడుచేసుకున్నాను. నువ్వు చూస్తే బాధపడతావని పన్నెండేళ్లుగా మీ వీధిలోకి రావడమే మానేశాను" అంది.

ఆవిడ పెరట్లోనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ అమ్మాయి టార్పాలిన్ పరుస్తోంది. ఇంకా పదహారు ఇళ్లున్నాయి. మీ నడుం నెమ్మదించాక రండి.

మీకు రుణపడిన,
మీ చెల్లెలు