గుమ్మంలో నారింజ వాసన

ఆపా,

నువ్వు పోయి నలభై రోజులు. హైదరాబాద్‌లో మీవాళ్ళు ఈరోజు నీ ఆత్మశాంతికి ఫాతెహా చదివిస్తున్నారు. ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, ఐన్ ఖాలిద్‌లో, డ్యూటీలకెళ్ళే తల్లుల పిల్లల్ని మనిద్దరం కలిసి చూసుకున్న ఇంట్లో, ఈ తల్లులతో నేనొక్కదాన్నే తల బాదుకుంటున్నాను.

పొద్దున రిత్విక్ వాళ్ళమ్మ మళ్ళీ జలుబు సిరప్ తెచ్చింది. వాడికి జలుబే లేదు.

"ఏడిస్తే ఇంత పొయ్యక్కా, మంచిగ పండుకుంటడు."

"ఏడిస్తే ఎత్తుకుంట. మందెందుకు పోస్త?"

"డాక్టరే రాసిండు."

"ఎప్పుడు?"

"పోయినేడు. వాళ్ళన్నకు."

ఏమనాలి చెప్పు! ఇంట్లో పోసి తెచ్చావా అంటే, "ఒట్టు, పొయ్యలే" అంది. నువ్వైతే ఆ మాట నమ్మేదానివి కాదు. గుమ్మంలోనే పిల్లల నోరు వాసన చూసేదానివి. తల్లుల ముందు ఆ పని చేయాలంటే నాకు మొహమాటం.

మేమిలా వాదించుకుంటుంటే రిత్విక్ చెప్పులు విడిచి నా ముందుకొచ్చి, తలెత్తి, నోరు బార్లా తెరిచాడు. వంగి చూశాను. గుప్పున నారింజ సిరప్ వాసన!

వాళ్ళమ్మ డ్యూటీకి లేటవుతోందని గొణిగింది.

"ఇయ్యాల డ్యూటీ మాఫీ. ముందు పోరన్ని డాక్టర్‌కు చూపియ్యి" అన్నాను.

వాడు మాత్రం ఎత్తిన మొహం దించలేదు. వాసన చూశాక నువ్వు పెట్టే ముద్దు ఇంకా అందలేదు కదా.