పడమటి గోడ అచ్చులు

మార్చి 3
కమలాపురం దాటి బస్సు దిగగానే కనిపించింది. చెట్టు లేని చేల మధ్య కాంక్రీటు చర్చి. లోపల ఒక్క స్తంభం లేదు, మడతలు మడతలుగా పైకి లేచిన కప్పు. చర్చి యాభై ఏళ్ల పండుగకు ఫాదర్ మా ఇద్దరినీ పిలిచారు. నావి బొమ్మలు. ఇంతియాజ్‌వి శబ్దాలు — కర్నూలు నుంచి మైకులు, వైర్లు మోసుకొచ్చాడు. ఈస్టర్‌కు ముందు వారం వచ్చే మట్టల ఆదివారానికి పని పూర్తి కావాలి.

మార్చి 5
మధ్యాహ్నం పక్క క్వారీలో పేలుడు. కాళ్ల కింద బండ అదిరింది. గంట కొట్టే యేసేపు తాత తల కూడా ఎత్తలేదు. ఈ చర్చి కట్టినప్పుడు కాంక్రీటు మోసినవాడు.
"దినామూ ఉండేదేలేమ్మా."
ఇంతియాజ్‌కు సంబరం. "మంచి సౌండక్కా!"

మార్చి 9
పడమటి గోడకు కాగితం ఆనించి బొగ్గుతో రుద్దుతున్నాను, గోడ అచ్చు తీయడానికి. కాంక్రీటు పోసినప్పటి చెక్క పలకల గుర్తులు నల్లగా తేలుతున్నాయి... మధ్యలో తెల్లటి గీత. కాగితం చిరిగిందనుకున్నా. కాదు. గోడే.

మార్చి 13
అదే చోట మళ్లీ అచ్చు తీశాను. రెండూ పక్కపక్కన పెట్టాను. పగులు జానెడు పెరిగింది.
తాత వేలితో దాని వెంబడే చివరిదాకా పోయాడు. "మూడు దినాలు నిలపకుండా పోసినామమ్మా ఈ గోడ."

మార్చి 14
ఫాదర్ అచ్చులు చాలాసేపు చూశారు. లేచి తలుపు దగ్గరగా వేశారు.
"క్వారీ ఆయప్పే డబ్బులిచ్చి మన పండగ జరిపిస్తాండేది. ఇప్పుడీ మాట బయటికొస్తే..." తర్వాత, నెమ్మదిగా — "ఆ గోడ మీద నువ్వేదన్నా పెద్ద బొమ్మ ఎయ్యకూడదామ్మా?"
సరే అన్నాను. అంత పెద్ద గోడ ఇంతవరకు నాకెవరూ ఇవ్వలేదు. అదీ నిజం.

మార్చి 20
బొమ్మ పూర్తయింది. పాపాఘ్ని. ఏట్లో ఉన్నది ఇసకే గానీ గోడ నిండా నీళ్లు పారించాను. తాత పగులును సున్నంతో పూడ్చాడు, నేను పైన నీలం వేశాను. ఊడవడానికి వచ్చిన మరియమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఎంత సల్లగుండాదమ్మా!"
సంతోషించాను. సిగ్గు లేదు నాకు.

మార్చి 23
గోడకు అతికించిన మైకులో రికార్డయినది ఇంతియాజ్ వినిపించాడు. పేలుడు. నిశ్శబ్దం. తర్వాత — గోడ లోపల ఎవరో ఎండు పుల్లలు విరుస్తున్నట్టు... ఆగి, మళ్లీ.
"పేలుడైపోయినాక గంటసేపు ఇదేనక్కా."


మార్చి 25
నీలం చీలింది. పూడ్చాను.

మార్చి 26
మళ్లీ చీలింది. ఈసారి కప్పు దాకా.

మార్చి 27
తాపీతో రంగు గీకేశాను, పగులు పొడవునా. పక్కనే అచ్చులు అంటించి తేదీలు రాశాను. సాయంత్రం సిలువ మార్గం ప్రార్థనకు వచ్చినవాళ్లకు నేనే చెప్పాను, లోపల కూర్చోవద్దని. తెలిసీ రంగు పూసింది నేనేనని కూడా.
ఎవరూ అరవలేదు. మరియమ్మ మాత్రం — "మా పెండ్లిండ్లు ఈడే, మా సావులు ఈడే. యాడికి పొమ్మంటావు?"
ఫాదర్ నా మొహం చూడలేదు. "ఎంత పని చేస్తివమ్మా."

మార్చి 29, మట్టల ఆదివారం
ఇంజనీరును పిలిపిస్తానని ఫాదర్ నిన్న అన్నారు. ఎప్పుడో అనలేదు.
పొద్దున్నే ఎండ. జనం మట్టలు పట్టుకుని బయటే. తలుపులు తెరిచే ఉన్నాయి, ఎవరూ గడప దాటడం లేదు. తాత ఒక్కడు చెప్పులు విప్పాడు. వద్దన్నాను. "నేను పోసిన గోడే గదమ్మా." పోయి సరిగ్గా పగులు కిందే కూర్చున్నాడు. వెనకే ఇద్దరు ఆడవాళ్లు. తర్వాత ఒక ఇంటివాళ్లంతా. ఫాదర్ గడప మీద — లోపలికోసారి, నా వైపోసారి.
మెట్ల మీద ఇది రాస్తుంటే మరియమ్మ వచ్చి నా ఒళ్లో ఒక మట్ట పెట్టింది.
"నువ్వూ రామ్మా."
లోపల పాట అందుకున్నారు.