విప్పి చూడని ప్రసాదం

1938 నవంబరు 3, గురువారం

ఈవేళ సోమయ్య అన్నం తిన్నాడు. చారుతో నాలుగు ముద్దలు. నల్లమందు మానడానికి ఈ ఆశ్రమంలో చేరిన ఆరో రోజుకి. డాక్టరు గారు నల్లమందు మళ్లీ తగ్గించారు. నిన్న కందిగింజంత, ఇవాళ పెసరగింజంత. ముక్కు కారుతూనే ఉంది. కాళ్లు పీకుతున్నాయని గోడకేసి తన్నుకుంటాడు. సముద్రంలో వల లాగిన చేతులు... మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు.

"పంతులమ్మగారూ, ఒక్క రవ్వ..." అంటాడు.

"నీళ్లు తాగు నాయనా" అంటాను. అంతకన్నా ఏం చెప్పగలను? ఇరవై ఏళ్లు ఆడపిల్లలకు ఎక్కాలు నేర్పినదాన్ని.

నవంబరు 4, శుక్రవారం

గుడివాడ నుంచి ప్లీడరు గారి కబురు. శనివారం నాడు, పన్నెండున, కమిటీ వస్తుంది. ఈ ఇల్లు నడపాలో మూసెయ్యాలో ఆలోచిస్తారట. "నిబంధనలు రాస్తే చాలదు, పాటిస్తున్నట్టు రిజిస్టరులో కనపడాలి" అన్నారట.

మధ్యాహ్నమంతా కూర్చుని నిబంధనలు శుద్ధప్రతి రాశాను. తలుపులకు తాళం వెయ్యకూడదు. ఎవరినీ కొట్టకూడదు, కట్టెయ్యకూడదు. మందు డాక్టరు గారి చేతి మీదుగానే. బయటి నుంచి వచ్చిన ప్రతి పొట్లం విప్పి చూడాలి. ఎవరి అజాగ్రత్త వల్ల నల్లమందు లోపలికి వస్తుందో వారు ఇల్లు విడిచి వెళ్లాలి. స్త్రీలను చేర్చుకోకూడదు, వేరే గది లేదు గనుక...

అక్షరం కుదురుగా వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను. గర్వమే.

నవంబరు 7, సోమవారం

కార్తీక పున్నమి. ఉపవాసం.

సోమయ్య తల్లి పోలమ్మ వచ్చింది. దివిసీమ నుంచి రేవు దాటి, బందరు దాకా నడిచి. తడి ఆరని చీర. చేతిలో అరటాకు పొట్లం.

"కృష్ణలో మునిగి, ఆడి పేరు చెప్పి దేవుడి దగ్గర పెట్టి తెచ్చానమ్మా. చలిమిడి."

రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాను. సోమయ్యకిచ్చాను. తల్లీకొడుకులు చెరో ఉండా తిన్నారు; మిగిలినవి సోమయ్య తలగడ పక్కన పెట్టుకున్నాడు. నాకు పెట్టలేదు — ఉపవాసమని తెలిసే కాబోలు.

నవంబరు 8, మంగళవారం

సోమయ్య కాళ్లు తన్నుకోలేదు. పొద్దున్నే వసారాలో కూర్చుని పడవ పాట పాడుతున్నాడు. తల్లి ముఖం చూసిన బలం. స్వామికి రెండు దీపాలు ఎక్కువ పెట్టాను.

నవంబరు 9, బుధవారం

డాక్టరు గారు సోమయ్య గడ్డం పట్టుకుని కళ్లలోకి చాలాసేపు చూశారు.

"కంటిపాప ఆవగింజంత అయిపోయిందండీ. నేనిచ్చే నల్లమందుకి పాప ఇంత చిన్నదవదు. వీడికి వేరే అందుతోంది."

గేటు కాపలా గంగరాజును పిలిచారు. "నీ చేతుల మీదుగా రాకపోతే ఎగిరొచ్చిందట్రా?"

"నా బిడ్డల మీద ఒట్టండీ. కావాలంటే నా రొండిన ముడి విప్పి చూసుకోండి" అన్నాడు గంగరాజు. నా వంక చూశాడు.

ఆకు పొట్లం గుర్తొచ్చింది. రిజిస్టరు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

నవంబరు 10, గురువారం

ఇల్లు విడిచి వెళ్లడానికి గంగరాజుకు శనివారం దాకా గడువట. పొద్దున పారాయణలో వరస తప్పాను. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ లేదు. యాభై ఏళ్లొచ్చి, గేటు కాపలావాడి వెనక దాక్కున్నాను.

నవంబరు 11, శుక్రవారం

సోమయ్యను అడిగాను. "చలిమిడిలోదే కదూ?"

తల వంచుకున్నాడు. "అమ్మనేం అనమాకండి. నేను సచ్చిపోతున్నాననుకుంది."

"తెలిసే తిన్నావా?"

"నోట్లో పెట్టగానే తెలిసిందండీ. బెల్లం కింద చేదు."

"అప్పుడే చెప్పలేకపోయావా?"

"మీరు కళ్లకద్దుకున్నారు గదండీ. ఎట్టా చెప్పేది?"

రిజిస్టరు తీసి రాశాను. ప్రసాదమని విప్పలేదు. తప్పు నాది, గంగరాజుది కాదు.

నవంబరు 12, శనివారం

ప్లీడరు గారు ఆ పేజీ పైకి చదివారు. కళ్లద్దాలు తీసి, "ఈ నిబంధన రాసింది మీరే కదండీ?" అన్నారు.

"అవునండీ."

"దాని ప్రకారం వెళ్లవలసిందీ మీరే."

"ఆవిడ వెళ్తే ఇంక ఈ ఇల్లెందుకండీ, తాళం వేసుకుందాం" అన్నారు డాక్టరు గారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకిన్నాళ్లూ తెలియదు.

వాదన తేలలేదు. నేను ఉండాలా, ఇల్లు ఉండాలా — పై శనివారం చెబుతారు. అంతవరకూ ప్రసాదం సంగతి కూడా స్పష్టంగా రాసి ఉంచమన్నారు.

రాశాను. 'దేవుడి ప్రసాదమైనా విప్పి చూడాలి. తెచ్చినవారు ముందుగా తిని చూపాలి.' గంగరాజు గేటు దగ్గర దణ్ణం పెట్టాడు. తలెత్తలేకపోయాను.

నవంబరు 14, సోమవారం

పోలమ్మ మళ్లీ వచ్చింది. మళ్లీ ఆకు. మబ్బు పట్టి ఉంది; వసారాలోకి పిలిచి విప్పాను. ఒక్కో ఉండా వేళ్లతో చిదిపాను.

"దేవుణ్ణి నలిపి చూస్తున్నావా తల్లీ?"

ఏమీ కనపడలేదు. "నువ్వొకటి తిని చూపమ్మా" అన్నాను. తడుముకోకుండా తింది, నా ముఖంలోకే చూస్తూ.

అప్పుడు చూశాను. వసారా నీడలో, ఆ ముసలి కళ్లలో పాపలు... రెండు ఆవగింజలు.

పోయినసారీ తిన్నది కదా; అలవాటున్న మనిషి తిని చూపితే ఏం తేలుతుంది? నా కొత్త నిబంధన రెండు రోజులు కూడా నిలవలేదు.

"ఎన్నాళ్ల నుంచి పోలమ్మా?"

కొంగుతో మూతి తుడుచుకుంది. "ఈడు కడుపులో పడకముందు నుంచే. ఒడ్డున చలికి. ఈడు పసోడప్పుడు గుక్కపట్టి ఏడుత్తుంటే రొమ్ముకి రాసి పాలిచ్చా. ఆడికి మొదటి రవ్వ పెట్టింది నేనేనమ్మా. ఇంకెవురో కాదు."

ఆకు మడిచి తనే గంగరాజు చేతికిచ్చింది. "కాలవలో పారెయ్యి బాబూ."

తర్వాత నాతో, నెమ్మదిగా — "నాకూ ఓ చాప ఎయ్యవా అమ్మా? నేను మానకపోతే ఆడు ఇంటికొచ్చి ఏం లాభం?"

స్త్రీలను చేర్చుకోకూడదు. నా అక్షరమే. కుదురుగా వచ్చిన అక్షరం.

నవంబరు 15, మంగళవారం

పోలమ్మ వెళ్లలేదు. వెళ్లమని నేనూ అనలేదు.

డాక్టరు గారికి చెప్పాను. "నిబంధన..." అని ఆగారు. నాడి చూశారు. "ఈ వయసులో ఒక్కసారిగా మానిపిస్తే ప్రాణానికే ప్రమాదం. ఆరేడు వారాలు పడుతుందండీ." శనగగింజంతతో మొదలుపెట్టారు.

వేరే గది లేదు, నిజమే. నాది ఉంది. దేవుడి పీట ఒక పక్కకు జరిపి చాప పరిచాను.

నవంబరు 16, బుధవారం

ముక్కు కారడం మొదలైంది. ఒళ్లంతా చలి. కిటికీ అవతల నుంచి సోమయ్య గొంతు — "ఓర్చుకోవే అమ్మా. ఆరో రోజుకి అన్నం సయిస్తది."

"నోర్ముయ్యరా, నాకు చెప్పొచ్చావు" అంది పోలమ్మ. నవ్వింది కూడా. కాసేపే.

నవంబరు 18, శుక్రవారం

రేపు కమిటీ.

రిజిస్టరు తెరిచాను. పేరు: పోలమ్మ. ఊరు రాశాను. వయసు తనకే తెలియదు. 'ఏ నిబంధన ప్రకారం చేర్చుకున్నారు' అనే గడి దగ్గర కలం ఆగింది. రెండుసార్లు సిరాలో ముంచాను, రెండుసార్లూ పాళీ మీదే ఎండిపోయింది.

వెనక నుంచి చాప చప్పుడు. "పంతులమ్మగారూ... ఒక్క రవ్వ..."

లేచాను. నీళ్లు ఇవ్వాలి. గడి ఇంకా ఖాళీగానే ఉంది.