దాచుకున్న మందు

అమ్మకు, నేను కులాసా. నా ఉద్యోగం ఊడిందన్న మామయ్య మాట నమ్మకు.

పగిలిన చేతులకు నేను తయారుచేసిన మందు లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లకు ఇచ్చానా, ఒక్కరి చెయ్యీ మానలేదు. "పరిశోధన అచ్చయిందిగా, ఇక చాలించు" అన్నారు మా ప్రొఫెసరు. నేను ఊరుకుంటానా? వెళ్లి వాళ్లనే అడిగాను. "అంత మంచి మందు పనిలో పాడుచేసుకుంటామా? పెళ్లిళ్లకి దాచుకున్నాం" అన్నారు! ఇప్పుడు రోజూ పొద్దున్నే లాండ్రీ గుమ్మంలో కూర్చుంటున్నాను. చేతులకు మందు రాసుకోందే ఎవరినీ లోపలికి పోనివ్వను. ప్రొఫెసరు గుడ్లురిమినా కదలను.

నాన్నకు దణ్ణాలు. కళ్లజోడు మార్పించారా? నీ చేతులకని పంపిన మందు డబ్బా చుట్టాలకు చూపించడానికి అలమరలో పెట్టావట! చెల్లికి చెప్పాను, నువ్వు మందు రాసుకునేదాకా నిన్ను వంటింటి గడప దాటనివ్వదు.

నీ మొండి కూతురు