నా కార్డు మీద చదివిన మనిషి

సిద్ధగోరా నుంచి

లైబ్రరీ కార్యదర్శి సుమన్ బాబుకి,

మన ఊరి లైబ్రరీల చరిత్ర రాస్తున్నారనీ, మన తెలుగు లైబ్రరీ పాత రిజిస్టర్లలో అందరికంటే ఎక్కువ పుస్తకాలు నా పేరు మీదే ఉన్నాయనీ, ఆదివారం సభలో నాకు శాలువా కప్పుతామనీ రాశారు. సంతోషం. కానీ బాబూ, నేను ఇక్కడి హిందీ బడిలో చదువుకున్నవాణ్ణి. తెలుగు ఒక్క ముక్క చదవలేను.

అప్పట్లో లైబ్రరీ కార్డు ఉక్కు ప్లాంటులో పనిచేసేవాళ్ళకే ఇచ్చేవారు. అందుకని డ్యూటీ దిగి, టిఫిన్ సంచిలో పుస్తకం పెట్టుకుని అప్పుడు మేముండే బాగ్‌బేరా క్వార్టరుకి తీసుకెళ్ళేవాణ్ణి. చదివింది మా ఆవిడ చిలకమ్మ. ఒకసారి పాత పుస్తకమే మళ్ళీ తెచ్చాను. "అట్ట మీద బొమ్మయినా సూడవేటి?" అంది. అప్పట్నుంచి బొమ్మ చూసి తెచ్చాను. నా సాహిత్య సేవ అంతే.

కాబట్టి చరిత్రలో నా పేరు కొట్టేసి ఆవిడ పేరు వేయండి. శాలువా ఆవిడకే కప్పండి. నాకు కావాలంటే ఒక కొత్త సంచి ఇవ్వండి.

నేను చెబుతుంటే ఈ ఉత్తరం రాస్తున్నదీ ఆవిడే. "నా పేరు నానే రాసుకోడమేటి, బావోదు" అని రెండుసార్లు పెన్ను కింద పెట్టేసింది. రాసిందో లేదో నాకు తెలిసే దారి లేదు. పైన చిలకమ్మ అనే పేరు కనిపించకపోతే వెంటనే ఫోన్ చేయండి.

కార్డు నంబరు పదిహేడు